పైలట్ సంబంధం

మొన్న నరసరావుపేట నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి ఎయిర్‌ఫోర్స్ పైలట్ సంబంధం వచ్చిందట. పిల్లాడు బాగున్నాడు, కుటుంబం మంచిది, కట్నం ఊసే ఎత్తలేదు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ అక్కా, విమానాలు నడిపే ఉద్యోగం కదా, ఇవ్వచ్చంటావా?" అని అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ఇలాంటి ఫోన్లు ఇదివరకూ వచ్చాయి, ఇకముందూ వస్తాయి. అందుకని ఇక్కడే రాసి పెడుతున్నాను, అడిగినవాళ్లకి లింకు పంపితే సరిపోతుంది.

మావారు ఏఎన్-32 నడిపారు. రెక్కల మీద రెండు పంకాల ఇంజన్లుండే రవాణా విమానం, 1984 నుంచి మన ఎయిర్‌ఫోర్స్‌లో ఉంది. పెళ్లిలో మా గుంటూరు చుట్టాలు "యుద్ధవిమానం కాదా?" అని కాస్త చప్పబడిపోయారు. ఆయనకి ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "కొండ మీద కాపలా కాసే జవానుకి బియ్యం ఎవరు మోస్తారనుకుంటున్నారు మీవాళ్లు?" అంటారు నాతో, ఆ మాట అన్నది నేనే అయినట్టు.

మోసేది నిజమే. అస్సాంలో జోర్హాట్‌లో ఉన్నప్పుడు అరుణాచల్ లోయల్లో రోడ్డు లేని పోస్టులకి బియ్యం, పప్పు, కిరసనాయిలు పారాచూట్లు కట్టి జారవిడిచేవారు. అక్కడ తెల్లవారడమే నాలుగున్నరకి, కాబట్టి మా ఇంట్లో అలారం రెండున్నరకి మోగేది. మధ్యాహ్నమయ్యేసరికి లోయ నిండా మబ్బులు కమ్ముతాయి. ఇరుకు లోయలో విమానం వెనక్కి తిప్పుకునేంత చోటుండదు. చండీగఢ్‌లో ఉన్నప్పుడైతే లేహ్. ఆ రన్‌వే 10,000 అడుగులకి పైనే. గాలి పల్చన, ఎండెక్కితే ఈదురుగాలి, అందుకే అక్కడి పనంతా పొద్దున్నే. లద్దాఖ్ వెళ్లి వచ్చి పదింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీలోకి కారప్పొడి వెయ్యమనేవారు. ఎలా ఉంది అక్కడ అంటే "చలి" అనేవారు. అంతే. ఆఫీసు కబుర్లు చెప్పే మొగుడు కావాలనుకునే పిల్లయితే ఈ సంబంధం ముందే వదులుకోవడం మంచిది.

ఇక అసలు అడిగింది, భయం గురించి. భయం ఉంటుంది. లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు, చెడు కబురు ఫోన్లో రాదు, ఎయిర్‌ఫోర్స్ జిప్సీ జీపులో వస్తుందని. జోర్హాట్‌లో ఒకరోజు మధ్యాహ్నం దాటినా ఈయన రాలేదు, బయట మూసేసినట్టు వాన. జిప్సీ మా వీధి మలుపు తిరిగింది. మూడిళ్లు దాటింది. మా గేటు ముందు ఆగింది. డ్రైవర్ దిగి గొడుగు తెరవడానికి తంటాలు పడుతున్నాడు, ఆ గొడుగు తెరుచుకోదు. చివరికి తడుస్తూనే వచ్చి, "మేడమ్, వెదర్ బాగోలేక సార్ మోహన్‌బారీలో దిగారు, రేపొస్తారు" అన్నాడు. లోపలికొచ్చేసరికి స్టవ్ మీద పప్పు మాడి ఇల్లంతా పొగ. ఆ వాసన నాకు అప్పటిదాకా తెలియనే లేదు.

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 ఒకటి 29 మందితో బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. వాళ్లలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, మన తెలుగు పేపర్లన్నీ రాశాయి. దాని శకలాలు చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దొరికాయని 2024 జనవరిలో వార్త వచ్చింది. పేపరు చదివి మావారు అటక మీది ట్రంకు దించమన్నారు. లాగ్‌బుక్కులు తీశారు. తేదీ, విమానం నంబరు, కో-పైలట్ పేరు, పని, గంటలు, రాత్రి ఎగిరినవైతే ఎర్రసిరాతో. ఒక్కో పేజీ మీద వేలు జరుపుకుంటూ పోయి కె-2743 దగ్గర ఆపారు. పోయిన విమానం నంబరదే. దాని మీద ఆయన ఎగిరిన రోజులు ఆ పుస్తకాల్లో వరసగా ఉన్నాయి. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అయినా చెల్లీ, నన్నడిగితే ఈ ఉద్యోగంలో ఆడపిల్ల ఆలోచించుకోవలసింది విమానం గురించి కాదు. తన ఉద్యోగం గురించి. నేను ఎమ్మెస్సీ బీఈడీ. చండీగఢ్, ఆగ్రా, జోర్హాట్, సూలూరు, వెళ్లిన ప్రతి ఊళ్లో ఏదో ఒక స్కూల్లో లెక్కలు చెప్పాను. రెండు మూడేళ్లు గడిచి, ఇంక పర్మనెంట్ చేస్తామనే సమయానికి పోస్టింగ్ ఆర్డరు. కొత్త ఊళ్లో మళ్లీ డెమో క్లాసు, మళ్లీ మొదటి జీతం. ఈ ఊళ్లో నాతో చదువుకున్నవాళ్లు హెడ్‌మిస్ట్రెస్‌లై పెన్షన్ తీసుకుంటున్నారు. నాకు అనుభవం బోలెడుంది, సర్వీసు మాత్రం ఎక్కడా లేదు. దీని గురించి పెళ్లిచూపుల్లో ఎవరూ మాట్లాడరు. క్యాంటీన్, క్వార్టర్సు, మెడికల్ అన్నీ చెబుతారు. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు అని కూడా చెబుతారు. కాగితం మీద ఉంటుంది లెండి.

పిల్లల సంగతి చెప్పాలంటే, మావాళ్లకి హిందీ, పంజాబీ, కాస్త అస్సామీ వచ్చు. తెలుగు మాట్లాడతారు గానీ శుభలేఖ చదవమంటే బస్సు బోర్డు చదివినట్టు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. నేను పట్టించుకోవడం మానేశాను. మా అత్తగారు మానలేదు.

మావారు వింగ్ కమాండర్‌గా 54 ఏళ్లకి రిటైరయ్యారు. చాలామంది ఎయిర్‌లైన్స్‌లో చేరతారు. ఈయన చేరలేదు. విద్యానగర్ ఇంట్లో మొదటి ఏడాది నాకు నరకం. వంటింటి డబ్బాలకి లేబుళ్లు అంటించారు, పనమ్మాయి రావలసిన టైము గోడ మీద రాశారు. ఆ పిల్ల మానేస్తానంది. తర్వాత సర్దుకున్నారు. 2024 మార్చి 18న మాత్రం మళ్లీ పాత మనిషిని చూశాను. అద్దంకి దగ్గర హైవే మీద కట్టిన ఎమర్జెన్సీ రన్‌వేలో ఏఎన్-32 దిగింది, సుఖోయ్ యుద్ధవిమానాలు నేల తాకకుండా మీదనుంచి వెళ్లిపోయాయి. వీడియో వాట్సాప్‌లో వచ్చింది. అందరూ సుఖోయ్‌లే చూస్తున్నారని ఈయనకి కోపం. "రోడ్డు వెడల్పు 33 మీటర్లు, దీని రెక్కలే 29, అర్థమవుతోందా?" అని పాలవాడితో సహా అందరికీ చెప్పారు.

కాబట్టి పిల్లాణ్ణి అడగవలసినవి అడుగు. ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా? ఫ్యామిలీని తీసుకెళ్లడానికి వీల్లేని చోట పోస్టింగ్ పడితే అమ్మాయి ఎక్కడుండాలనుకుంటున్నాడు? మీ అమ్మాయిది సాఫ్ట్‌వేర్ కాబట్టి నాకున్నంత ఇబ్బంది ఉండకపోవచ్చు, ఇంటినుంచి పని కుదిరితే. కుదురుతుందో లేదో వాళ్ల కంపెనీని ఇప్పుడే అడగమను, పెళ్లయ్యాక కాదు. జాతకాలు తర్వాత చూపించుకోవచ్చు. ముందు అమ్మాయిని ఒకసారి నాకు ఫోన్ చెయ్యమను, నువ్వు పక్కన లేనప్పుడు.