గంటకు 200 మిల్లీలీటర్లు

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం నాడు, అరసవల్లిలో మా అమ్మ పిడకల పొయ్యి మీద క్షీరాన్నం వండి మొక్కు తీర్చుకున్న తరువాతే ఒక పరుగు పందెం నన్ను ఆసుపత్రి పాలు చేసిన ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు ధైర్యం వచ్చింది. అంతకు ముందు రెండుసార్లు మొదలుపెట్టి, మొదటి పేజీలోనే ఒక డాక్టరును తిట్టడం మొదలయ్యేసరికి ఆపేశాను. ఇప్పుడు కూడా తిట్టకుండా ఉంటానన్న హామీ ఏమీ లేదు.

నేను శ్రీకాకుళంలో లెక్కల మాస్టారిని. వయసు నలభై ఆరు. స్వస్థలం కవిటి మండలంలోని కొబ్బరితోటల ఊరు. పొట్ట తగ్గించుకోవడానికి నాలుగేళ్ల క్రితం నడక మొదలుపెట్టాను. అది క్రమంగా పరుగైంది. మా జట్టులో ఏడుగురం ఉన్నాం. బట్టల కొట్టు నడిపే ఒక పెద్దాయన, ఒక కానిస్టేబుల్ తమ్ముడు, ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసే ఒక అప్ప (మా వైపు అక్కను అలా పిలుస్తాం), మిగిలిన వాళ్ళం మాస్టార్లమూ గుమాస్తాలమూ. రోజూ తెల్లవారుజామున ఎనభై అడుగుల రోడ్డు మీద కలుసుకుంటాం, ఆదివారాలు అరసవల్లి మీదుగా శ్రీకూర్మం దారి పడతాం. మాలో ఎవరికీ గొప్ప వేగం లేదు గానీ ఒకరినొకరు మెచ్చుకోవడంలో మాత్రం పిసినారితనం ఎరగం. ఎవరైనా తమ పాత సమయం కంటే పది సెకన్లు తగ్గించినా ఆ రోజు టిఫిన్ ఖర్చు మిగతావాళ్ళది.

నవంబరులో విశాఖ బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్ పరుగెత్తాను. 21.1 కిలోమీటర్లు, 1 గంట 58 నిమిషాల 41 సెకన్లు. అంతకు ముందు నా ఉత్తమ సమయం 2 గంటల 6 నిమిషాల 20 సెకన్లు. రెండు గంటల లోపు ముగించడం, మా భాషలో సబ్-టూ, అన్నది మా జట్టులో అప్పటిదాకా ఎవరికీ అందని మాట కావడం వల్ల, ముగింపు గీత దగ్గర కానిస్టేబుల్ తమ్ముడు నన్ను అమాంతం ఎత్తేశాడు. ద్వారకా బస్ స్టేషన్‌లో ఎక్కిన దగ్గరనుంచి శ్రీకాకుళంలో దిగే దాకా నా ఫోను మోగుతూనే ఉంది. "ఇరగదీశారు మాస్టారూ", "వచ్చే ఏడు ఫుల్ కొట్టేద్దాం", "ఈ కాళ్ళకి ఇంకో అయిదు నిమిషాలు తగ్గించే సత్తా ఉంది". మా బడిలో పిల్లలు నూటికి నూరు తెచ్చుకున్నప్పుడు వాళ్ళ ముఖాలెలా వెలుగుతాయో ఆ రోజు నా ముఖం అలాగే వెలిగి ఉంటుంది.

ఆ సమయం వెనుక ఏమేమి ఉన్నాయో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ వారం మంగళవారం, బుధవారం నాకు జ్వరం వచ్చింది. పందెం మానేస్తే జట్టు ఏమనుకుంటుందోనని దాచాను. మోకాలి నొప్పికి ముందు రాత్రి ఒకటి, పొద్దున్న బయలుదేరే ముందు ఒకటి డైక్లోఫెనాక్ మాత్ర వేసుకున్నాను. పన్నెండో కిలోమీటరు తరువాత నీళ్ళ బల్లల దగ్గర ఆగడం మానేశాను. ఆగిన ప్రతిసారీ ఏడెనిమిది సెకన్లు పోతున్నాయని లెక్క కట్టాను. లెక్కల మాస్టారినయ్యుండి చేసిన లెక్క అది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే చేతులతో ఊతం తీసుకోవలసి వచ్చింది. ఆరు గంటలప్పుడు మూత్రం చాలా కొద్దిగా వచ్చింది, కాఫీ డికాక్షన్ రంగులో. మా ఆవిడ భయపడి పట్టుబట్టడంతో దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళ్ళాం. రక్తం, మూత్రం పరీక్షించారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి 1.9 ఉందన్నారు, మూత్రంలో రక్తం ఉన్నట్టు చూపిస్తోందన్నారు. ఆ డాక్టరు కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే "మీది ఏ ఊరు?" అని అడిగాడు. కవిటి దగ్గర అన్నాను.

"ఇంకేం మరి. మీ ఉద్దానం వాళ్ళకి ఇది మామూలే కదా. ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే. అలవాటు చేసుకోవాలి."

ఇంతే అన్నాడు. పరుగు గురించి అడగలేదు, జ్వరం గురించి అడగలేదు, ఏ మాత్రలు వేసుకున్నావని అడగలేదు. ఒళ్ళు నొప్పులన్నానని ఒక నొప్పి ఇంజెక్షన్ పొడిపించి, వారం తరువాత రమ్మన్నాడు.

ఆ మాట మామూలు మాట కాదని బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో, అంటే మా ఉద్దానంలో, మూత్రపిండాల జబ్బు లేని వీధి అరుదు. ఎందుకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎన్నో బృందాలు వచ్చి రక్తం తీసుకుని వెళ్ళాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటలను నేలమట్టం చేసినప్పుడు ఊరంతా ఏడ్చింది గానీ, ఈ జబ్బు మాత్రం మనుషులను ఒక్కొక్కరినీ చప్పుడు లేకుండా తీసుకుపోతుంది. ఇప్పుడు సోంపేటలోనూ పలాసలోనూ డయాలసిస్ కేంద్రాలున్నాయి; మా పెదనాన్న రోజుల్లో అందుకు విశాఖ దాకా వెళ్ళవలసిందే. రాత్రి బస్సులో వెళ్ళి, మర్నాడు రాత్రి బస్సులో తిరిగి వచ్చి, అరుగు మీద కూలబడే ఆయన్ని నేను పదకొండు నెలలు చూశాను. మా ఊళ్ళకు పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళను చూశాను. కాబట్టి "అలవాటు చేసుకోవాలి" అన్నప్పుడు నాకు వినిపించింది వైద్యుడి సలహా కాదు, మా పెదనాన్న దగ్గు. ఇంటికి వచ్చి, ఇక చేసేదేముందని పడుకున్నాను.

నన్ను బతికించింది ఒక వెకిలి జోకు. తొమ్మిది గంటలకు జట్టువాళ్ళు ఇంకా అభినందనలు పంపుతూ ఉంటే, భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి "కాళ్ళు పనిచేయడం లేదు, మూత్రం కాఫీలా వస్తోంది, సబ్-టూ ప్రభావం" అని మాట రికార్డు చేసి పంపాను. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. పది గంటలకు డ్యూటీ దిగిన నర్సు అప్ప అది విని వెంటనే ఫోను చేసింది.

"తమ్ముడూ, ఇది నవ్వే విషయం కాదు. ఏం మాత్ర వేసుకున్నావు? నిజం చెప్పు."

చెప్పాను. ఆమె ఒక్క క్షణం మాట్లాడలేదు. తరువాత, "నేనూ మీ బావగారూ వస్తున్నాం, చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉండు" అంది.

పదకొండు గంటలకు పెద్దాసుపత్రిలో ఉన్నాం. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు మా బడిలో చదివి వెళ్ళిన పిల్లల వయసే ఉంటుంది. మూత్రం పరీక్ష పట్టీ రక్తం ఉందని చూపిస్తోంది గానీ, సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు కనబడటం లేదని, అంటే అది రక్తం కాదని, కండరాలు చితికి వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం మూత్రంలోకి దిగుతోందని నాకు అర్థమయ్యేలా చెప్పాడు. కండరాలు ఎంత చితికాయో చెప్పే సీపీకే అనే రక్తపరీక్ష చేయించాడు. మామూలుగా రెండు వందల లోపు ఉండవలసినది నాకు 68,000 దాటింది. దానికి రాబ్డోమయోలిసిస్ అని పేరట. జ్వరం వదలని ఒంటితో శక్తికి మించి పరుగెత్తడం, నీళ్ళు తాగకపోవడం, మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గించే నొప్పి మాత్రలు, వాటి మీద ఆ నర్సింగ్ హోము ఇంజెక్షన్, ఇవన్నీ కలిసి వచ్చాయన్నాడు. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 6.4 ఉంది. ఈసీజీ కాగితం చూడగానే అతను మాటలు ఆపి, నర్సును పిలిచి, నా చేతి నరంలోకి కాల్షియం ఎక్కించాడు. గుండె ఆగకుండా ముందు జాగ్రత్త అని మా ఆవిడకు చెప్పడం నాకు వినబడింది.

సెలైను మీద సెలైను పెట్టారు. "గంటకు 200 మిల్లీలీటర్లకు తగ్గకుండా మూత్రం రావాలి. తెల్లవారేసరికి రాకపోతే డయాలసిస్ ఆలోచించాలి" అని చెప్పి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. డయాలసిస్ అన్న మాట చదివి మా ఆవిడ ఇంటిపేరు రాయడం మరిచిపోయింది.

కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ జాడీ ఇచ్చారు. అంకెలు రాసుకోవడానికి కాగితం లేక, మా ఆవిడ నా సంచిలో ఉన్న పరుగు డైరీ తీసింది. అందులో ఎడమ పేజీలో పొద్దున్నటి నా పరుగు, కిలోమీటరు కిలోమీటరుకు సెకన్లతో సహా. సగటున 5 నిమిషాల 37 సెకన్లు. కుడి పేజీలో ఆమె రాసింది: 12 గంటలకు 30. ఒంటిగంటకు 25. రెండింటికి 40. జాడీని ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి గీత చూసేది. రంగు కూడా రాసింది: "డికాక్షన్", "డికాక్షన్", మళ్ళీ "డికాక్షన్". ఒకసారి ఆ పేజీకేసి, పక్క పేజీకేసి చూసి, "ఈ ఏడెనిమిది నిమిషాల కోసమేనా?" అంది. గట్టిగా అనలేదు. నేను గోడ వైపు తిరిగాను.

తలగడ కింద ఫోను రాత్రి రెండింటికి కూడా అదురుతూనే ఉంది. సంగతి తెలియని బట్టల కొట్టు పెద్దాయన నిద్ర పట్టక పంపారట: "మాస్టారూ, మీరు మా గర్వం. రేపు మెల్లగా అయిదు కిలోమీటర్లు వేద్దాం."

మూడింటికి 60 వచ్చింది. నాలుగింటికి 110. అయిదింటికి 180, రంగు దగ్గర "టీ" అని రాసింది. ఆరింటికి 260. ఆమె ఆ అంకె కింద రెండు గీతలు గీసి, జాడీని కడగడానికి తీసుకెళ్ళి చాలాసేపు రాలేదు.

పొద్దున్న స్కాన్‌లో మూత్రపిండాలు 10.2, 10.6 సెంటీమీటర్లున్నాయి. "ఏళ్ళ తరబడి చెడిన కిడ్నీలు మామూలుగా కుంచించుకుపోతాయండి. మీవి నిండుగా ఉన్నాయి. ఇది నిన్న తగిలిన దెబ్బే, మీ ఊరి జబ్బు కాదు" అన్నాడు ఆ కుర్ర డాక్టరు. ఊరి పేరు అతనూ అడిగాడు గానీ, అడిగిన తరువాత ఆగిపోకుండా స్కాన్ చూశాడు. ఆ తేడాను నేను జీవితాంతం మరిచిపోను. సోంపేట నుంచి రైలెక్కి అప్పుడే దిగిన మా అమ్మ అది విని, "నా సూర్నారాయణ సామి కాసినాడు" అని అతని చేతులు పట్టుకుంది. పెదనాన్న పోయినప్పుడు కూడా ఆమె ఇదే దేవుడికి మొక్కుకుంది. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. మూత్రం బాగా వస్తున్నా క్రియాటినిన్ మూడు రోజులపాటు పెరుగుతూ 4.9 దాకా వెళ్ళి, అప్పుడు దిగడం మొదలైంది. డయాలసిస్ అవసరం రాలేదు. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. ఆరు వారాలకు 1.3, పది వారాలకు 1.1.

మాత్రల సంగతి ఒకటి చెప్పాలి. అవి ఇచ్చింది కానిస్టేబుల్ తమ్ముడు. నేనే అడిగాను, అయినా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అతని మీదే కోపం తెచ్చుకున్నాను, ఎందుకంటే నా మీద తెచ్చుకోవడం కంటే అది సులువు. అతను జట్టులోకి రావడం మానేశాడు. మూడో వారంలో ఒక సాయంత్రం గెల కొబ్బరిబొండాలు సైకిలుకు కట్టుకుని మా ఇంటికి వచ్చి, గేటు దగ్గరే నిలబడి, "మాస్టారూ, అందరం వేసుకుంటాం కదా అని ఇచ్చానండి" అన్నాడు. నిజమే, అందరం వేసుకునేవాళ్ళం. మిఠాయి పంచుకున్నట్టు పంచుకునేవాళ్ళం. లోపలికి రమ్మన్నాను. ఆ నర్సింగ్ హోము డాక్టరును మాత్రం క్షమించలేదు. అతనికి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

పరుగెత్తేవాళ్ళకు చెప్పేదేమంటే, పందెం ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. జ్వరం వచ్చిన వారంలో పందేనికి వెళ్ళకండి, వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. పరుగు తరువాత మూత్రం ముదురు రంగులో వచ్చి కండరాలు వాచినట్టుంటే, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, పరుగెత్తామనీ ఏ మందు వేసుకున్నామనీ వాళ్ళు అడగకపోయినా చెప్పండి. నీళ్ళు దాహానికి తగ్గట్టు తాగండి. భయపడి బిందెలు బిందెలు తాగడం కూడా ప్రమాదమేనని నర్సు అప్ప మరీ మరీ చెప్పమంది.

డాక్టరు అనుమతితో ఇప్పుడు మెల్లగా మూడు కిలోమీటర్లు పరుగెడుతున్నాను. గత ఆదివారం కానిస్టేబుల్ తమ్ముడు పది కిలోమీటర్లు 49 నిమిషాల్లో ముగించాడు, అతని జీవితంలో ఉత్తమ సమయం. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. బట్టల కొట్టు పెద్దాయన "ఇరగదీశావు, వచ్చేసారి..." అని మొదలుపెట్టబోతుంటే నర్సు అప్ప చేయి అడ్డం పెట్టి, ముందు అతని వైపు తిరిగింది.

"ఏ రంగులో వచ్చింది?"

పాపం, రోడ్డు మీద అంతమంది ముందు సిగ్గుపడుతూ అటెన్షన్‌లో నిలబడి చెప్పాడు: "కొబ్బరినీళ్ళలా ఉందప్పా."

"సరే, ఇప్పుడు మెచ్చుకోండి" అంది.