పీస్ వ్యాలీ లేన్‌లోని బడి దాకా

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, పీస్ వ్యాలీ లేన్ అనే వీధిలో ఉన్న జస్టిస్ హైస్కూల్‌ చిరునామాలో ఫాల్స్ చర్చ్ అని ఉంటుంది. అది తపాలా పేరే. ఫాల్స్ చర్చ్ నగరం వేరు, దాని బళ్లు వేరు. ఈ బడి ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీది. ఇల్లు అద్దెకు వెతికేవాళ్లు పొరబడేది ఇక్కడే. చూడాల్సింది ఊరి పేరు కాదు, ఇల్లు ఏ బడి హద్దులో పడుతుందో.

ఈ బడికి నేరుగా వెళ్లకుండా, పిల్లలు వచ్చే దారుల్లో వెళ్లాం. సెవెన్ కార్నర్స్‌లో ఈడెన్ సెంటర్ అనే అంగళ్ల సముదాయం నిండా వియత్నాం దుకాణాలే. 1975లో సైగాన్ పతనమయ్యాక వచ్చినవాళ్లు మొదట ఆర్లింగ్టన్‌లో కొట్లు పెట్టుకున్నారు. అక్కడ మెట్రో రైలు వచ్చి అద్దెలు పెరగడంతో ఇటు తరలారు. లీస్‌బర్గ్ పైక్ రోడ్డు వెంట కాస్త దూరం పోతే కల్మోర్ అనే పేట. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా కుటుంబాలు ఎక్కువ. దగ్గర్లోనే బార్‌క్రాఫ్ట్ సరస్సు, దాని చుట్టూ కలిగినవారి ఇళ్లు. ఈ చుట్టుపక్కల ఇళ్ల పిల్లల్లో చాలామందికి హైస్కూల్ ఇదే.

1959లో ఈ బడి తెరిచినప్పుడు జె.ఇ.బి. స్టువర్ట్ పేరు పెట్టారు. బానిసత్వం నిలవాలని పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో ఆయన సేనాని. బళ్లలో నల్ల, తెల్ల పిల్లల్ని వేరుచేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చినా, వర్జీనియా పాలకులు మొండికేసిన రోజులవి. పేరు మార్చాలని 2017లో కౌంటీ స్కూల్ బోర్డు తీర్మానించింది. 2018 నుంచి జస్టిస్. నా దృష్టిలో ఇది ఆలస్యంగానైనా జరిగిన మంచి పని.

అయితే బడి మారిన తీరు గేటు మీది పేరులోకన్నా చేరికల కాగితాల్లో బాగా తెలుస్తుంది. వీసా లేదన్న కారణంతో పిల్లల్ని కాదనకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. చేరేటప్పుడు బడి అడిగేది నివాసానికి రుజువు, వయసు పత్రం, టీకాల వివరాలు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని కూడా అడుగుతారు. పిల్లల్ని వెనకబెంచీకి నెడతారేమోనన్న భయంతో కొందరు తల్లిదండ్రులు ఇంగ్లిష్ అని రాస్తారు. అలా రాస్తే ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే పరీక్ష తప్పిపోయి, ఆ భాష నేర్చుకోవడానికి అందాల్సిన సాయం ఆలస్యమవుతుంది. సాయం పొందేవారికి ఏటా వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ పరీక్ష ఉంటుంది.

అసలు చిక్కు క్రెడిట్లతో, అంటే హైస్కూల్లో ఒక్కో కోర్సు పాసైతే ఖాతాలో పడే లెక్కతో. వర్జీనియాలో హైస్కూల్ పూర్తిచేసినట్టు ఇచ్చే మామూలు డిప్లొమాకి 22, ఉన్నత డిప్లొమాకి 26 కావాలి. పదిహేడేళ్ల వయసులో వచ్చిన పిల్లకి పాత బడి మార్కుల పత్రాలు లేకపోతే, చదివేసిన లెక్కల పాఠాన్నే మళ్లీ మొదటి నుంచి చదవాల్సి రావచ్చు. అందుకే బయల్దేరే ముందే ఏ తరగతిలో ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కులు అన్నవి ముద్రతో రాయించుకుని, చేతి సంచీలోనే పెట్టుకోవాలి.