నోటికి కావలి

ఆదివారం రాత్రి కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. ఫోన్‌లో మా అమ్మ. నల్గొండలో ఆమెకి అప్పటికే సోమవారం పొద్దు. ఆ వారం కంఠత వాక్యం మా ఏడేళ్ళవాడి వంతు, 141వ కీర్తన మూడో వచనం. "యెహోవా, నా నోటికి కావలియుంచుము" దాకా చెప్పి ఆగిపోయాడు.

"మిగతాది?"

"నేను చెప్పను. మమ్మీ చెప్పాలి. పొద్దున కారులో అక్కని తిట్టినప్పుడు కావలి ఎటు పోయింది?"

ఫోన్‌లో అమ్మ నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

చర్చికి ఆలస్యమైన పొద్దు అది. పన్నెండేళ్ళ పిల్ల బూట్లు మర్చిపోయి చెప్పులతో కారెక్కింది. అంతే. "బుద్ధి ఉందా, తిండి దండగ" అని మొదలుపెట్టి చర్చి పార్కింగ్ దాకా ఆపలేదు. కారు దిగగానే నవ్వుతూ అందరికీ ప్రైజ్ ద లార్డ్ చెప్పాను. వాడు అదంతా చూశాడు.

పిల్లలకి తెలుగు రావట్లేదని ఏడ్చేదాన్ని నేనే. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే, కోపమొస్తే మాత్రం ఒక్క ముక్క రాదు. వీళ్ళకి నెమలి అంటే తెలియదు, తిండి దండగ అంటే బాగా తెలుసు.

ఉపాయాలు చెప్పమంటే చెప్తాను. కోపమొచ్చినప్పుడు గుక్కెడు నీళ్ళు నోట్లో పట్టుకుని లోపలే ప్రార్థన చేసుకోవాలి, ఆ తర్వాతే మింగాలి. యాకోబు పత్రికలో 'వినుటకు వేగిరపడు, మాటలాడుటకు నిదానించు' అనే మాట రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. నేను రెండూ చేశాను. పదకొండు రోజులు నడిచింది. ఇప్పుడు ఆ కాగితం పిజ్జా కూపన్ల కింద ఉంది.

ఇంకోసారి వాడే అడిగాడు, సమాధానం అంటే ఆన్సరా, పీసా అని. స్కూలు తెలుగులో ఆన్సర్, బైబిలు తెలుగులో పీస్ అన్నాను. "అయితే నీ దగ్గర మొదటిది చాలా ఉంది" అన్నాడు. నిజమే, ఎవరేమన్నా నా దగ్గర సమాధానం సిద్ధం. 'సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము' అని పౌలు రాసింది మాత్రం నాకు దొరికిన రోజులు తక్కువ. పిల్లలు నిద్రపోయాక, అంట్లు తోమేటప్పుడు ఒక్కోసారి. మాట్లాడటానికి ఎవరూ లేనప్పుడు వచ్చేది శాంతేనా, అలసటా?

మా మేనమామల ఊరు మర్రిగూడ దగ్గర. మామయ్య పళ్ళ మీద గోధుమరంగు చారలు చిన్నప్పటి ఫ్లోరైడ్ నీళ్ళవి. లోపల పళ్ళు తయారయ్యే వయసులో తాగితేనే ఆ మరక పడుతుంది, పెద్దయ్యాక తాగితే పళ్ళకి అంటదు. ఎముకల సంగతి వేరు. ఇప్పుడు ఊళ్ళో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, మామయ్య పళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. మావాడికి ఏడేళ్ళు, నా తిట్లూ ఆ నీళ్ళలాగే మరక పెడతాయేమో. అది తలుచుకుంటే నాకు టెన్షన్.

ప్రార్థన అయ్యాక అమ్మకి విడిగా ఫోన్ చేశాను. "నేనేమన్న తక్కువ తిట్టిన్నా బిడ్డా నిన్ను" అంది. తక్కువేం కాదు. పగలంతా తిట్టి, సందేళ కొంగు నెత్తిన కప్పుకుని నా పేరు చెప్పి ఏడుస్తూ ప్రార్థన చేసేది. అవీ ఇవీ ఒక్క నోట్లోంచే ఎట్లా వచ్చేవో అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు బాగా అర్థమవుతోంది, అదే నచ్చట్లేదు. అమ్మ ఎప్పుడూ తప్పయిందని అనలేదు. ఆ రోజు కూడా అనలేదు. "అన్నం తిన్నవా" అంది.

పిల్లకి సారీ ఆ రాత్రే చెప్పాను. ఓకే అంది. ఇంగ్లీషులో సారీకి నోరు నొప్పెట్టదు, కాఫీ ఒలికినా అదే మాట. తిట్టింది తెలుగులో కదా అని మూడు రోజులు లోపల తొలిచింది. బుధవారం ఆమె గది తలుపు దగ్గర నిలబడి, "తప్పయింది బిడ్డా" అన్నాను.

ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏంటి, మళ్ళీ నేనేం చేశాను?" అంది.