ఆ చివరి 137.5 కిలోలు

2000 సెప్టెంబర్‌లో నేను ఎనిమిదో తరగతి. ఒక పొద్దున నాన్న పేపర్లో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఫొటో కత్తిరించి నా లెక్కల నోట్సు అట్టకి అంటించారు. ఆ నోట్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ ఫొటో విలువ తెలియాలంటే అంతకుముందు కరువు గుర్తుండాలి. హాకీలో 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు స్వర్ణాలు గెలిచిన దేశం, 1984, 88, 92 ఒలింపిక్స్‌ నుంచి ఒక్క పతకమూ లేకుండా తిరిగొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో పి.టి.ఉషకి సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయిందని చెప్పినప్పుడల్లా నాన్న గొంతు మారిపోయేది. 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్ ఒక కాంస్యం తెచ్చాడు.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే సిడ్నీలో. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (బరువుని ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ! ఆ ఏడు దేశానికొచ్చింది ఆ కాంస్యం ఒక్కటే. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించింది. ఎత్తితే స్వర్ణమే. ఎత్తలేకపోయింది. తక్కువ బరువు అడగాల్సిందని అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. నేను ఒప్పుకోను. ఆమె స్వర్ణం కోసమే వెళ్లింది.

2016లో పి.వి.సింధు రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడిన మర్నాడు నాన్న ఆ నోట్సే అడిగి తీసుకుని, మల్లీశ్వరి ఫొటో పక్కన సింధు ఫొటో అంటించారు. సింధు టోక్యో కాంస్యం ఫొటో మాత్రం నేనే అంటించాను. అప్పటికి నాన్న లేరు.