చిలికా ఒడ్డున బస: బరంపురం నుంచి ఒక శీతాకాలపు ప్రయాణం

దసరా సెలవుల్లో ఒడిశాలోని చిలికా సరస్సు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉందామన్న ఆలోచన మా మేనల్లుడిది. అమెరికాలో ఆరెగాన్ వంటి రాష్ట్రాల్లో సరస్సుల పక్కన ప్రభుత్వ పార్కులుంటాయనీ, వాటిలో చెక్క క్యాబిన్లూ యర్ట్‌లనే గుండ్రటి గుడారాలూ అద్దెకిస్తారనీ, మంచం, దీపం, తాళం పడే తలుపు వాళ్లవైతే పక్కబట్టలు మాత్రం మనమే పట్టుకెళ్లాలనీ అతడు ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ చెప్పుకొచ్చాడు. పర్లాకిమిడి నుంచి వచ్చిన మా బావగారు అంతా ఓపికగా చూసి, "గుడారం సంగతి తరవాత గానీ, అక్టోబరు నెలలో మాత్రం నేను రానురా" అని తేల్చేశారు. ఈ ప్రాంతంలో కాపురమున్నవారెవరూ ఆ మాటకు కారణం అడగరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో మళ్లీ అదే నెలలో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండచరియలను ఊళ్ల మీదికి తెచ్చింది. సంక్రాంతికి వెళ్దామంటే, ఆ పండుగనాడు సరస్సు మధ్యనున్న కాళీజాయి అమ్మవారి ద్వీపానికి జనం పోటెత్తుతారు, పడవ దొరకడమే గగనం. అందుచేత పండుగ సందడి సద్దుమణిగాక, జనవరి చివర్లో బయలుదేరాలని నిశ్చయించుకున్నాము.

బస విషయంలో మాత్రం ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచింది. చిలికా మూడు జిల్లాలను తాకుతుంది. వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటి పరచుకుని, ఎండాకాలంలో కుంచించుకుపోయే ఆ నీరు ఒక్కొక్క ఒడ్డున ఒక్కొక్క రకంగా ఉంటుంది. డాల్ఫిన్లను చూడాలంటే పూరీ వైపున్న సాతపడకు వెళ్లాలి. 2000 సంవత్సరంలో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వింది అటువైపే, ఇరావతి డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేదీ అటువైపే. పక్షుల కోసమైతే ఉత్తరాన మంగళాజోడి ఉంది. ఒకప్పుడు పిట్టలను వేటాడి అమ్ముకున్న ఆ ఊరివాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, చిన్న పడవల్లో యాత్రికులను తిప్పుతున్నారు. బర్కుల్‌లో అన్ని సౌకర్యాలూ ఉన్నాయి, జనమూ ఉన్నారు. మాకు దగ్గరగా, దక్షిణపు కొసన, కొండల మధ్య ఒదిగిన అఖాతం పక్కన ఉన్నది రంభ. ఇటువంటి ప్రయాణాల్లో గది ఎలాంటిదన్న విచారం కంటే నీరు ఏ వైపుది, గాలి ఏ వేళకు లేస్తుందన్న విచారం ముందు రావాలని నా అభిప్రాయం. గుడారం ఎంత అందంగా ఉన్నా దాని ముందు బురద మేట ఉంటే ఏం చేసుకుంటాము?

యర్ట్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది మంగోలియా పశుపోషకుల ఇల్లు. మడిచి మూటకట్టగల కర్ర అల్లిక గోడ, దాని మీద ఉన్నిని ఒత్తి చేసిన దళసరి కప్పు, నడినెత్తిన పొగ పోవడానికి ఒక రంధ్రం, అంతే. పొడి చలిలో అంతకు మించిన ఏర్పాటు లేదు. చిలికా చలిలో పొడి ఎక్కడిది? సాయంత్రానికే తేమ దిగుతుంది, ఆ ఉన్ని తెల్లారేసరికి తడిసి బరువెక్కుతుంది. మంగోలియా వైపు నుంచి తల మీద రెండు నల్లటి చారలున్న బాతులు మాత్రం హిమాలయాలు దాటుకుని ఏటా చిలికాకు వస్తాయి, వాటికి ఏ గుడారమూ అక్కర్లేదు.

ఒడ్డున గుడారాలు అద్దెకిచ్చే ఒకరిని ఫోన్‌లో అడిగితే, స్నానాల గది ఎంత దూరమన్న ప్రశ్నకు "అన్నీ దగ్గరే సార్" అన్న జవాబు తప్ప మరొకటి రాలేదు. చివరకు రంభలో ఒడిశా పర్యాటకాభివృద్ధి సంస్థ వారి పంథనివాస్‌లో సరస్సుకు ఎదురుగా ఉన్న కాటేజీలను ఆన్‌లైన్‌లో తీసుకున్నాము. మేనల్లుడి మనసు నొచ్చుకోకుండా అతడి సొంత చిన్న గుడారాన్ని కూడా కారెక్కించాము.

బరంపురం నుంచి రంభకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద గంట ప్రయాణం. ఛత్రపురం దాటి, రుషికుల్యా వంతెన ఎక్కి, హుమ్మా ఉప్పుమళ్ల పక్కగా సాగే ఆ దారిలో కొబ్బరితోటలూ మొగలి పొదలూ తప్ప ఆపి చూడవలసినవి పెద్దగా లేవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆ సంగతి బావగారు ప్రతి ప్రయాణంలోనూ గుర్తుచేస్తారు, ఈసారీ గుర్తుచేశారు.

గుడారం కథ మొదటి రాత్రే ముగిసింది. మేనల్లుడు కావలివాడి అనుమతితో దానిని పచ్చిక మీద వేసుకుని, తమ్ముడిని తోడు తీసుకుని లోపల పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక తలుపు చప్పుడైతే తీశాము. ఇద్దరూ దుప్పట్లు కప్పుకుని గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ల ఊపిరి ఆవిరే నైలాను గుడ్డకు లోపలివైపు పట్టి, గుడ్డ కదిలినప్పుడల్లా చినుకులై ముఖాల మీద రాలిందట. రెండు పక్కలా గాలి ఆడే కిటికీలను చలికి భయపడి బిగించేయడమే దానికి కారణం. పొద్దున్నే మా అక్క ఆ గుడ్డను పిండితే వచ్చిన నీరు చూసి, "బకెట్టు పెట్టుకోవలసింది కదరా" అన్నది.

పడవ ప్రయాణం మాత్రం నేను ఊహించిన దానికంటే బాగుంది. పడవవాడు గంజాం వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. "ఎండెక్కితే గాలి లేస్తాది బాబూ, బువ్వ వేళకి ముందే ఒడ్డుకొచ్చేద్దుం" అని ఎక్కేముందే చెప్పి, ఏడు గంటలకే ఇంజను తిప్పాడు. బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం మీదున్న శిథిలమైన కట్టడాన్ని ఒక చుట్టు చుట్టి చూశాము. బర్కుడా ద్వీపం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆపించాను. కాళ్లు లేని ఒక జాతి నలికిరిని అన్నన్‌డేల్ అనే శాస్త్రవేత్త ఈ ద్వీపంలోనే గుర్తించి 1917లో లోకానికి తెలియజేశాడు. ఆ ప్రాణి శాస్త్రీయ నామంలో ద్వీపం పేరే ఉంది. మర్రిచెట్ల వేళ్ల మధ్య మట్టిలో దాగి బతికే దానిని మేము చూడలేదు, చూస్తామనీ అనుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నీటిలో పాతిన కర్రల వరుస దగ్గర పడవవాడు ఒక వెదురు బోను పైకెత్తి చూపించాడు. సన్నటి బద్దలను తాడుతో అల్లి, మూతి దగ్గర లోపలికి వంచి కట్టారు. రొయ్య ఆ సందులోంచి లోపలికి జారగలదు గానీ ఆ బద్దల మొనలు దాటి వెనక్కి రాలేదు. అడుగున గుప్పెడు రొయ్యలూ, కోపంగా ఉన్న ఒక చిన్న పీతా ఉన్నాయి. బోను వేరే వాళ్లది కావడంతో దానిని ఉన్నచోటే దింపి, నైలాను వలలతో చుట్టూ కట్టే రొయ్యల ఘెరీలు వచ్చాక ఇలాంటి బోనులకు చోటు తగ్గిపోయిందని చెప్పాడు.

వచ్చేదారిలో ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు చూడాలని పిల్లలు పట్టుబట్టారు. అది మంచినీటి సరస్సు, 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, ఇంటికి అరగంట దూరంలో ఉంది. బావగారు ఒడ్డంతా నడిచి, నీడ ఎక్కడ పడుతుందో, కారు ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని, వచ్చే శీతాకాలం మొదటి మజిలీ ఇక్కడేనని ప్రకటించారు. మేనల్లుడు అప్పటికే ఆరిన గుడారాన్ని సంచీలోకి కుక్కుతూ, ఈసారి కిటికీలు తీసే పడుకుంటానని వాళ్ల అమ్మతో ఒప్పందం కుదుర్చుకుంటున్నాడు.