100 గ్రాముల సబ్బు, ఆరు సబ్బుల పెట్టె: ఈ నెల లెక్కలు

ఇంట్లో కొబ్బరి నూనెతో సబ్బులు చేయడం నా కాలక్షేపం. బంధువులకు ఇచ్చే పెట్టెలో ఆరు సబ్బులు పెట్టి, ఒక్కోదానికి 100 గ్రాములని చీటీ అంటిస్తాను. ఆ ఆరింటిలో ఒక్కటి కూడా తూకం తగ్గకుండా ఉండే సంభావ్యత ఎంతో తేల్చాలని ఈ నెల కూర్చున్నాను.

సబ్బు ఆరుతున్న కొద్దీ అందులోని నీరు ఆవిరై బరువు తగ్గుతుంది కనుక, కోసిన రోజు తూచి లాభం లేదు. ఆరు వారాలు ఆరిన 40 సబ్బులనే లెక్కలోకి తీసుకున్నాను. వంటింటి కాటా 99.6 గ్రాములను కూడా 100గానే చూపుతుంది కాబట్టి 0.1 గ్రాము వరకు చూపే కాటా కొనవలసి వచ్చింది.

సగటు 103 గ్రాములు, ప్రామాణిక విచలనం (బరువులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 2.5 గ్రాములు వచ్చాయి. బరువులు సగటుకు రెండు వైపులా దాదాపు ఒకేలా పరుచుకున్నందున నార్మల్ విభాజనం, అంటే సగటు దగ్గర ఎక్కువగా, దూరమయ్యే కొద్దీ తక్కువగా ఉండే గంట ఆకారపు అమరిక, సరిపోతుందనుకున్నాను. 100 గ్రాములు సగటుకు 1.2 విచలనాల దిగువన ఉంది. నార్మల్ విభాజనపు పట్టిక ప్రకారం ఒక సబ్బు తూకం తగ్గే సంభావ్యత 0.1151. పాత కాటానే నమ్మి ఉంటే హద్దు 99.5కు జారి, ఇదే సంభావ్యత 0.0808గా కనిపించేది.

నార్మల్ విభాజనం పని ఇక్కడితో ముగుస్తుంది. హద్దు గీసిన తరువాత ప్రతి సబ్బూ సరిపోయిందా, తగ్గిందా అన్నదే మిగులుతుంది, అంటే ఇక ద్విపద విభాజనమే (రెండే ఫలితాలున్న ప్రయత్నాన్ని కొన్నిసార్లు చేస్తే ఏ ఫలితం ఎన్నిసార్లు వస్తుందో చెప్పే లెక్క). ఒక సబ్బు సరిపోయే సంభావ్యత 1 − 0.1151, అంటే 0.8849; ఆరూ సరిపోవాలంటే దాని ఆరో ఘాతం 0.480, సగానికి పైగా పెట్టెల్లో కనీసం ఒక తక్కువ సబ్బు ఉంటుందన్నమాట! సరిగ్గా ఒక్కటే తగ్గే సంభావ్యత 0.375.

తరువాత చేసిన 60 సబ్బులను పది పెట్టెల్లో సర్ది చూశాను. మూడింటిలో ఏదీ తగ్గలేదు, ఆరింటిలో ఒక్కొక్కటి, ఒకదానిలో రెండు తగ్గాయి. ఒక్కటే తగ్గిన పెట్టెలు లెక్క చెప్పినదాని కన్నా ఎక్కువ వచ్చాయి. పది పెట్టెలతో ఏదీ రుజువు కాదు గానీ, నా అనుమానం కోతపైనే ఉంది. ఒకే సబ్బు దిమ్మలో కోసే తీగ పక్కకు జరిగితే ఒక ముక్క పలచబడి, పక్క ముక్క మందమవుతుంది. అలాంటి పొరుగు ముక్కలనే వరుసగా పెట్టెలో పెడితే ద్విపద విభాజనానికి ప్రాణమైన స్వతంత్రత, అంటే ఒక సబ్బు ఫలితం మరోదానిపై ఆధారపడకపోవడం, దెబ్బతింటుంది. ఇకపై ముక్కలన్నిటినీ బుట్టలో కలిపి, చూడకుండా ఆరేసి తీస్తాను.

సగటును 106కు పెంచినా, సగటును కదపకుండా విచలనాన్ని 1.25కు తగ్గించినా హద్దు 2.4 విచలనాల దూరానికి వెళ్లి, పెట్టె మొత్తం సరిపోయే సంభావ్యత దాదాపు 0.952 అవుతుంది. మొదటి దారిలో సబ్బుకు 3 గ్రాములు అదనంగా పోతాయి, రెండోదానికి తీగ కదలకుండా పట్టే చెక్క చట్రం చాలు. చట్రం బిగించాను; దానితో కోసిన మొదటి దిమ్మ ముక్కలు ఇప్పుడు అటక మీద ఆరుతున్నాయి.