మన గురుకులం వెనక శంకరన్ గారు

మన పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని మనవాళ్లు అడిగినప్పుడు, సార్ల గురించి, మెస్ గురించి, కబడ్డీ గురించి ఎలాగూ చాలామంది రాస్తారు కాబట్టి నేను ఇంకొకరి గురించి రాస్తానని చెప్పాను. ఆయన మనకు పాఠం చెప్పలేదు. మనలో ఎక్కువమంది ఆయన్ని చూడను కూడా లేదు. కానీ ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ ఆఫీసరు సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసి ఉండకపోతే మనమంతా కలిసి చదువుకున్న బడి అసలు ఉండేది కాదేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆయన మన ప్రాంతం మనిషి కాదు. తంజావూరు జిల్లాలో 1934లో పుట్టారు, 1957లో ఐఏఎస్‌లో చేరి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు వచ్చారు, నెల్లూరు కలెక్టరుగా చేశారు, తర్వాత ఢిల్లీలో మోహన్ కుమారమంగళం కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు, బొగ్గు గనుల జాతీయీకరణ రోజుల్లో, ఆయన దగ్గర పనిచేశారు. ఇవన్నీ పెద్ద ఉద్యోగాలే, కానీ మన కథ మొదలయ్యేది 1970ల మధ్యలో ఆయన హైదరాబాద్‌లో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా కూర్చున్న దగ్గర్నుంచి.

మా తాత జీతం ఉన్నాడు, అంటే అప్పు కింద దొర దగ్గర వెట్టిచాకిరి చేశాడు. ఈ మాట మన బ్యాచ్‌లో సగంమంది ఇళ్లలో వినే ఉంటారు. పెళ్లికి తెచ్చిన అప్పు కింద దొర కొట్టంలో చేరితే, ఏడాదికింత అని ధాన్యం ఇచ్చేవాళ్లు, అందులో జబ్బుపడిన రోజులు కోసేవాళ్లు, లెక్క చూసేది వాళ్లే, రాసుకునేది వాళ్లే, ఆ అప్పు ఎంత చేసినా తీరేది కాదు, ఆఖరికి మా పెదనాన్న కూడా పదేళ్లు నిండకముందే అదే కొట్టంలో పశువుల వెంట నడిచాడు. 1975లో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చాయి. చట్టాలు చాలానే వస్తుంటాయి, దీన్ని మాత్రం శంకరన్ గారు ఊళ్లదాకా తీసుకెళ్లారు. ఆయన తిరిగారు, జీతగాళ్లతో మాట్లాడారు, మీ అప్పు రద్దయింది, ఇక మీరు కట్టనక్కర్లేదు అని ప్రభుత్వం తరఫున చెప్పించారు.

ఆ చట్టంలో 15వ సెక్షన్ ఒకటుంది, రెవెన్యూలో చేరాక నేను దాన్ని చాలాసార్లు చదివాను. జీతగాడు ఇది వెట్టి అప్పు అంటే, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిది. ఆలోచించండి, సంతకం పెట్టడం రాని మనిషిని సాక్ష్యం తెమ్మంటే ఎక్కడ నుంచి తెస్తాడు? లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుందో వాళ్లనే జవాబు చెప్పమంది చట్టం. విడుదల సర్టిఫికెట్ చేతికొస్తే పునరావాసం వస్తుంది, 1978లో మొదలైన స్కీములో అప్పట్లో మనిషికి 4,000 రూపాయలు ఇచ్చేవాళ్లు, సగం కేంద్రం, సగం రాష్ట్రం. మా తాతకు వచ్చిన కాగితం మా నానమ్మ చాలా ఏళ్లు ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో దాచింది. అందులో మా తాత పేరు ముందు రాసి ఉంది, దొర పేరు తర్వాత ఉంది. మా నాన్న ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చూపించి చెప్పేవాడు.

జీతగాళ్లను విడిపించే ఈ పని ప్రభుత్వంలో పెద్దవాళ్లకు నచ్చలేదు. శంకరన్ గారు సెలవు పెట్టి వెళ్లిపోయారు, త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిస్తే అక్కడ చీఫ్ సెక్రటరీగా చేశారు, 1980ల్లో మళ్లీ మన రాష్ట్రానికి, మళ్లీ అదే శాఖకు వచ్చారు. కావాలంటే ఇంతకన్నా పెద్ద శాఖ దొరికేది. ఈ శాఖనే ఎంచుకోవడం నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో 1971లోనే పి.వి. నరసింహారావు గారి హయాంలో మొదటి గురుకులం వచ్చింది. అక్కడ మంచి చదువు వస్తోందని అందరికీ తెలుసు. అదే చదువు ఎస్సీ పిల్లలకు ఎందుకు రాకూడదు అన్నది శంకరన్ గారి పట్టు, అలా సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల్లో మొదలయ్యాయి. అంతకుముందు మనకున్నవి హాస్టళ్లు. పిల్లాడు హాస్టల్లో తిని వేరే బడికి నడిచి వెళ్లేవాడు, సాయంత్రం వచ్చాక పుస్తకంలో అర్థం కానిది అడుగుదామంటే ఎవరూ ఉండరు. గురుకులంలో సారు కూడా అదే కాంపౌండ్‌లో ఉంటాడు. రాత్రి స్టడీ అవర్లో మన లెక్కల సారు లుంగీ మీద తువ్వాలు వేసుకుని వరసల మధ్య తిరుగుతూ, ఎవరి నోటుబుక్ దగ్గర ఆగితే వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని లెక్క మొదటి నుంచి చేయించేవారు గుర్తుందా? ఆ గంట మన ఇళ్లలో ఎవరికి దొరికేది? ఇంట్లో ఉంటే పత్తి ఏరడానికో గొర్ల వెంటో పంపేవాళ్లు, తప్పు వాళ్లది కాదు, గడవాలి కదా.

ఇక డబ్బు సంగతి. ఎస్సీల జనాభా ఎంత శాతమో ప్రతి శాఖ ప్లాన్ బడ్జెట్‌లో అంత శాతం వాళ్లకోసం విడిగా పెట్టాలన్న స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ కోసం ఆయన పట్టుబట్టి పనిచేశారు. దయతో ఇచ్చే డబ్బు కాదు, వాటా. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అదే వాటా సబ్‌ప్లాన్ పేరుతో చట్టమైంది, అప్పటికి ఆయన లేరు.

శంకరన్ గారి గురించి ఎవరు చెప్పినా ఆయన మంచితనం దగ్గరే ఆగిపోతారు. పెళ్లి చేసుకోలేదు, జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చేవారు, 2005లో పద్మభూషణ్ వద్దన్నారు, నిజమే, అందరూ గౌరవించాల్సిందే. కానీ మంచివాళ్లు ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు, వాళ్ల ఫైళ్లు మాత్రం కదలవు. ఈయనకు రూలు తెలుసు, ఏ సెక్షన్ ఎవరి చేతిలో పెడితే పనవుతుందో తెలుసు, బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఏముందో తెలుసు. మనకు బడి వచ్చింది ఆ తెలివి వల్ల. ఉద్యోగాల్లో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గమనించాలని నా కోరిక.

1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అధికారుల్ని అపహరించినప్పుడు అందులో ఆయనా ఉన్నారు. విడుదలై వచ్చి మళ్లీ పనిలో పడ్డారు. కేంద్ర గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా 1992లో రిటైరయ్యాక హైదరాబాద్‌లోనే ఉండిపోయి, 1997 నుంచి కొందరు పౌరులు కలిసి పెట్టుకున్న పౌరస్పందన వేదిక తరఫున ప్రభుత్వానికీ నక్సలైట్లకూ ఇద్దరికీ హింస ఆపమని చెబుతూ వచ్చారు, 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ జరిగిన చర్చల వెనక ఆ శ్రమ ఉంది. సఫాయి కర్మచారుల ఉద్యమం నడిపే బెజవాడ విల్సన్‌తో కలిసి వాళ్ల కోసం పనిచేశారు, చేతులతో మలం ఎత్తే పని పోవాలని చివరిదాకా తిరిగారు. 2010 అక్టోబర్ 7న పోయారు.

ఈసారి కలిసినప్పుడు ఒక మాట పెడదామనుకుంటున్నాను. మన లైబ్రరీలో ఆయన ఫొటో పెడదాం, దాని పక్కనే 1976 చట్టం తెలుగు ప్రతి కూడా, పిల్లలు చేత్తో తీసుకుని చదువుకునేలా. ప్రింటు ఖర్చు నేను చూసుకుంటాను, ఫ్రేము సంగతి మీలో ఎవరైనా చూడండి, ప్రిన్సిపల్ మేడంతో ముందే మాట్లాడి ఉంచితే ఆ రోజే పెట్టేయొచ్చు.